నడవని పిల్ల లెక్క

దుర్గయ్య లెక్క తప్పదని మోత్కూరు చుట్టుపక్కల పది ఊళ్లలో పేరు. సాయంత్రం మంద దొడ్డికి వచ్చే వేళకు కర్ర అడ్డం పెట్టుకుని దారిలో నిలబడతాడు. గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ, దుమ్ము రేపుకుంటూ ఆ కర్ర పక్క నుంచి లోపలికి పోతాయి. ఆయన పెదవులు కూడా కదలవు. చివరి గొర్రె లోపలికి పోగానే ఎన్నో చెప్తాడు. ఒకటి తక్కువైతే ముద్ద ముట్టడు, వచ్చిన దారినే వెనక్కి పోయి వెతికి తెస్తాడు. అందుకే ఊళ్లో నాలుగిళ్లవాళ్లు తమ జీవాలను కూడా ఆయన మందలోనే కలిపారు.

ఆ లెక్కకు రెండు కట్టుబాట్లున్నాయి. కొత్తగా పుట్టిన పిల్లను లెక్కపెట్టరు. అది తన కాళ్ల మీద మందతో మేతకు పోయి, తన కాళ్ల మీద తిరిగొచ్చిన రోజునే లెక్కలోకి వస్తుంది. అందాకా అది ఉన్నా లేనట్టే, చచ్చినా మందలో ఒకటి తగ్గిందని ఎవరూ అనరు. రెండోది, అన్నదమ్ములు వేరుపడి జీవాలను పంచుకునేటప్పుడు కుంటిదాన్ని, గుడ్డిదాన్ని సగం కింద కడతారు. రెండు కుంటివి కలిస్తే ఒక మంచి గొర్రె. ఇందులో పాపమేమీ లేదు, గొర్రెల సంగతి గొర్రెలది. ఆ కట్టుబాటును మనిషి తన ఇంట్లోకి తెచ్చుకుంటేనే తంటా.

దుర్గయ్య ఇంట్లో నడవని పిల్ల ఒకతి ఉంది.

పోలీసు యాక్షన్ అయిన ఏడు పుట్టింది. పుట్టినప్పుడు ఏడవలేదు. మంత్రసాని తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిస్తే, చాలాసేపటికి ఊపిరి తీసుకుంది. ఇరవై ఒకటో నాడు తొట్టెలలో వేసి పేరు పెడదామనుకుంటే ఆ పొద్దున్నే మూర్ఛ వచ్చింది. తగ్గాక పెడదామన్నారు. తర్వాత, కూర్చోవడం వచ్చాక పెడదామన్నారు. కూర్చోవడం రాలేదు. బండి కట్టుకుని రెండుసార్లు నల్గొండ దవాఖానకు తీసుకుపోతే, ఇది మందులకు పోయేది కాదని చెప్పి పంపారు. పేరు సంగతి అక్కడితో ఆగిపోయింది. అందరూ "పిల్ల" అనే అంటారు. పన్నెండేళ్లు నిండాయి, ఇంకా పిల్లే.

వెనక అర్రలో గొంగడి మీద పడుకుని ఉంటుంది. చేతులు రొమ్ము మీదికి ముడుచుకుపోయాయి, కాళ్లు ఒకదాని మీదొకటి బిగుసుకుపోయాయి. తల ఒక్కటి అటూ ఇటూ తిప్పగలదు. మాట లేదు. తల్లి గొంతు వినిపిస్తే మాత్రం "ఊఁ... ఊఁ" అని సాగదీసి కూత పెడుతుంది. ఆమెకు ఏం తెలుసో, ఏం తెలియదో ఎవరూ పరీక్ష పెట్టి చూడలేదు.

అలాగని ఆ ఇంట్లో ఆమెను ఎవరూ బాధ పెట్టింది లేదు. మేకపాలు పిండగానే దుర్గయ్య మొదటి గిన్నె ఆమెకే పంపుతాడు. చలికాలం పొద్దుటిపూట ఎత్తుకుని పోయి పెరట్లో ఎండలో పడుకోబెడతాడు. వాన పడితే ముందు ఆ అర్ర కప్పే చూస్తాడు. ఆమెను లెక్కపెట్టడు, అంతే.

తల్లి జానమ్మ మనిషి గట్టిది, మాట పెళుసు. రోజుకు రెండుసార్లు పిల్లను కడిగి ఆరబెడుతుంది. జొన్న గటకను అంబలిలో పలచగా కలిపి, వేలితో నాలుక వెనక్కి నెట్టి మింగిస్తుంది. ఒక్కో పూటకు గంట పడుతుంది. ప్రేమతో చేస్తున్నావా, విసుగుతో చేస్తున్నావా అని ఆమెను అడిగినవాళ్లు లేరు. తనను తాను అడుక్కునే తీరిక ఆమెకూ లేదు. చెయ్యి దాని పని అది చేసుకుపోయేది.

అరవై ఒకటో సంవత్సరం ఫిబ్రవరిలో జనాభా లెక్కలు వచ్చాయి. అంతకు ముందే ఎవరో వచ్చి ఇంటింటి గోడ మీద ఎర్రమట్టి గేరుతో నంబరు వేసి పోయారు. తర్వాత మనుషులను రాసుకోవడానికి బడిపంతులు లింగస్వామి బయలుదేరాడు. దేవరకొండ దిక్కు మనిషి, ఈ ఊరికి వచ్చి ఎనిమిది నెలలే అయింది. ఎవరింట్లో ఎవరున్నారో అతనికి కాగితం చెప్పాల్సిందే.

పంతులు వచ్చే వేళకు జానమ్మ ఇంటి అరుగు మీద కురుమయ్య కూర్చుని ఉన్నాడు. పక్క ఊరి ఆసామి. జానమ్మ కొడుకు గుర్వయ్యకు పందొమ్మిదేళ్లు. అతనికి తన బిడ్డను ఇద్దామని ఇల్లు చూసిపోవడానికి వచ్చాడు. తండ్రీకొడుకులు మంద వెంట ఉన్నారు. అత్త సుక్కమ్మ గడప దగ్గర కూర్చుని ఉన్ని ఏరుతోంది. జానమ్మ కురుమయ్య చేతికి మజ్జిగ ముంత ఇచ్చి పక్కకు నిలబడింది.

"ఇంట్ల ఎంతమందమ్మా?" అన్నాడు పంతులు, కాగితాల కట్ట మోకాలి మీద పెట్టుకుని.

జానమ్మ కురుమయ్య వైపు చూసింది. ఆయన మజ్జిగ తాగుతూ గోడలూ కప్పూ చూస్తున్నాడు.

"నలుగురం. నేను, మా అత్తమ్మ, మా ఇంటాయన, కొడుకు."

"ఇంటాయన పేరు?"

ఆ పేరు ఆమె పలకకూడదు. సుక్కమ్మ అందుకుని చెప్పింది. అందరి వయసులు, పనులు పంతులు ఒక్కొక్కటే రాసుకున్నాడు. జానమ్మది మొదటి నుంచీ పెద్ద గొంతు. ఆ గొంతు వెనక అర్రలోకి పోయింది.

"ఊఁ... ఊఁ..."

కురుమయ్య ముంత దించాడు. "లోపల ఎవలు చెల్లె?"

"గొర్రెపిల్ల అన్నా," అంది జానమ్మ. "తల్లి సచ్చింది. తెచ్చి ఇంట్ల కట్టేసిన."

తల్లి చచ్చిన పిల్లను ఇంట్లో కట్టి మేకపాలు పట్టడం వాళ్ల ఇళ్లలో మామూలే. కురుమయ్యకు అనుమానం రాలేదు.

"బతుకుతదా మరి?"

"బతికితె బతుకుతది."

మళ్లీ కూత వినిపించలేదు. పంతులు లేచాడు. మార్చి ఒకటో తారీఖు దాటాక ఐదు రోజుల్లో మళ్లీ ఒకసారి తిరుగుతానని, ఈలోపల ఎవరైనా పుట్టినా, పోయినా చెప్పాలని చెప్పి పక్క ఇంటికి పోయాడు. కురుమయ్య కూడా ఇల్లు నచ్చిందన్నట్టు నాలుగు మంచి మాటలాడి, మూడు వారాల్లో సంబంధం ఖాయం చేసుకోవడానికి పూలూ పండ్లూ పట్టుకొస్తామని చెప్పి లేచాడు.

గోడలకు చెవులుంటాయంటారు. ఆ గోడ అవతల నిజంగానే రెండు చెవులున్నాయి. మధ్యాహ్నం జానమ్మ గిన్నె పట్టుకుని అర్రలోకి పోయింది. ఎప్పుడూ గుమ్మం వైపు ఉండే మొహం గోడ వైపు ఉంది. "ఇటు తిరుగు," అంది. తిరగలేదు. గడ్డం పట్టుకుని తిప్పి ముద్ద పెట్టింది. మింగింది. చెయ్యి వదలగానే మొహం మళ్లీ గోడ వైపు పోయింది.

ఆ రోజు నుంచి పిల్ల కూత పెట్టలేదు. జానమ్మ వాకిట్లో ఎంత గట్టిగా మాట్లాడినా లోపలి నుంచి చప్పుడు లేదు. జ్వరమేమో అని నుదురు చూసింది, చల్లగానే ఉంది. తిండి మానలేదు. పెట్టింది మింగుతుంది, గోడ చూస్తుంది.

"ఒర్రుడు బందైంది, మంచిదే," అంది సుక్కమ్మ. "పెండ్లి కుదిరేటి ఇల్లు. సప్పుడు లేకుంటెనే మంచిది."

జానమ్మ బిందె తీసుకుని బావికి పోయింది. నీళ్లు తోడింది, దొడ్డి ఊడ్చింది, జొన్నలు విసిరింది. పనులన్నీ సక్రమంగానే జరిగాయి. ఒకసారి మాత్రం పొయ్యి మీద గటక మాడి వాసన ఇల్లంతా నిండేదాకా దాని ముందే కూర్చుని ఉంది. సుక్కమ్మ వచ్చి కుండ దించింది.

పంతులు వచ్చిపోయిన రోజే జానమ్మ, మంద నుంచి వచ్చిన దుర్గయ్యకు సంగతంతా చెప్పింది. ఆయనకు తప్పేమీ కనిపించలేదు.

"మంచిగనే చెప్పినవ్. నడువని పిల్లను ఎవ్వడు లెక్కపెడ్తడు?"

"గొర్రెపిల్ల అన్న."

"అంటె ఏమాయె? వెయ్యి అబద్ధాలాడన్న ఒక పెండ్లి చెయ్యమన్నరు పెద్దలు. నువ్వు ఒక్కటే ఆడినవ్."

ఊరు కూడా ఆ పుణ్యంలో పాలు పంచుకుంది. కురుమయ్య మనుషులు చాటుగా విచారించినప్పుడు, జానమ్మకు కొడుకు ఒక్కడే సంతానమని వాడకట్టంతా చెప్పింది. ఆ మాట చెప్పడానికి కొందరు అబద్ధమాడాల్సి వచ్చింది. కొందరు నిజంగానే మరిచిపోయారు.

సుక్కమ్మకు ఇంకో లెక్క ఉంది. "లెక్కపెట్టకుంటెనే దానికి మేలు," అంది కోడలితో. "లెక్కకెక్కినదాని మీదనే అందరి కన్ను. గిన్నేండ్లు బతికిందంటె ఎవ్వరి లెక్కల లేకనే బతికింది. తోడేలు గూడ లెక్కపెట్టనిదాన్ని ముట్టదు."

ఆ మాటలో ఊరట ఉంది. జానమ్మ రెండు రోజులు దాన్నే పట్టుకుని తిరిగింది. దిష్టికి భయపడి అలా అన్నానని, పిల్ల మేలుకే అన్నానని తనకు తాను చెప్పుకుంది. మూడో రోజు పిల్లను కడుగుతుంటే చెయ్యి ఆగిపోయింది. ఆ పూట కురుమయ్య ముందు తనకు గుర్తొచ్చింది దిష్టీ కాదు, తోడేలూ కాదు. సిగ్గేసింది. ఇలాంటిది నా కడుపున పుట్టిందని ఆయనకు తెలుస్తుందే అని ఒళ్లంతా సిగ్గుతో కుంచించుకుపోయింది. అందుకే నలుగురమంది. దాన్ని గొర్రెపిల్లను చేసింది, తనను తాను చంపుకుంది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. జానమ్మ నోరు జారలేదు కూడా, తెలిసే అంది.

ఫిబ్రవరి చివర్లో ఒక సాయంత్రం, దుర్గయ్య చేతులు కడుక్కుంటుంటే అంది, "పంతులు మల్ల వస్తడు. ఐదుగురమని చెప్త."

"ఏం, నెత్తి పని చేస్తలేదా? ఆ పంతులే కురుమయ్య ఊరు గూడ రాస్తున్నడు. గడియల తెలుస్తది."

"తెలువనియ్యి."

"పోరని పెండ్లి కానియ్యి. తర్వాత చెప్పుకో, ఎవడొద్దన్నడు?"

"మల్ల పదేండ్లకు గని రారట."

దుర్గయ్య చేతులు తుడుచుకున్నాడు. ఆయన కోపంగా అనలేదు. పిల్లలు బతకని సంవత్సరం గొర్రెల సంగతి మాట్లాడినట్టే, ఉన్న మాట అన్నట్టే అన్నాడు. "పదేండ్లు అది ఉంటదా?"

జానమ్మ ఆయన ముందు కంచం పెట్టింది. ఆ మాట తప్పని అనడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. పిల్ల ఎప్పుడో పోతుంది, ఏ కాగితం మీదా ఎక్కకుండానే పోతుంది. పేరు లేదు. పోయినాక ఫలానా ఆమె ఉండేదని చెప్పడానికి ఒక మాట కూడా మిగలదు. గొర్రెపిల్ల చచ్చిందంటారు, నిజంగా అదే అంటారు. ఆ రాత్రి ఆమె అన్నం తిన్నది, పడుకున్నది.

మార్చి నాలుగో తారీఖున గుర్వయ్య ఇంటికి వచ్చి, చెరువు కట్ట మీద పంతులు కలిశాడని చెప్పాడు.

"పుట్టినోళ్లున్నరా, పోయినోళ్లున్నరా అని అడిగిండు. ఎవ్వరు లేరన్న. రాసుకున్నడు."

జానమ్మ కొడుకు మొహం చూసింది. వాడు కళ్లు దించుకున్నాడు. చెడ్డవాడు కాదు. చిన్నప్పుడు చెల్లెలి పక్కన పడుకుని ఈగలు తోలినవాడే. ఇప్పుడు పెళ్లి కావాలి.

"మన ఇంటికి రాడా ఇగ?"

"ఎందుకొస్తడు? రేపు బడికాడ కూసోని అన్ని సాఫుగ రాసి పంపుతడట. రేపటితోని అయిపాయె."

మర్నాడు పొద్దున తండ్రీకొడుకులు మంద తోలుకుని పోయారు. జానమ్మ నీళ్లు కాచి పిల్లకు తలంటింది. నూనె రాసి, దువ్వి, జడ వేసింది. తన పాత రైక తొడిగింది, వదులుగా వేలాడింది. గొంగడి పరిచి దాని మీద పిల్లను పడుకోబెట్టి, వీపు మీదికి ఎత్తుకుని, గొంగడి కొసలు రొమ్ము మీద ముడి వేసింది. పన్నెండేళ్లది ఐదేళ్లదాని బరువు కూడా లేదు.

సుక్కమ్మ వాకిలికి అడ్డం వచ్చింది. "యాడికే?"

"బడికి."

"పిచ్చి లేసిందా? నాలుగొద్దులల్ల పూలు పండ్లు తెస్తరు. ఇజ్జత్ తీస్తవా?"

"జరుగు అత్తమ్మా."

ఆ గొంతులో కోపం లేదు. అందుకే కాబోలు ముసలామె జరిగింది.

ఊరి నడిమి నుంచి పోవాలి. బావి దగ్గర బిందెలు ఆగిపోయాయి. గొంగడిలో నుంచి ఒక తల బయటికి వేలాడుతోంది, నూనె పెట్టిన జడ ఊగుతోంది. ఎండకు పిల్ల కళ్లు చికిలిస్తోంది. బండిలో దవాఖానకు పోయిన పసితనం దాటాక ఊరిని ఆమె చూడటం అదే మొదలు.

గోవిందమ్మ బిందె చంకన పెట్టుకుని దగ్గరికి వచ్చింది. జానమ్మ పురుడు పోసుకున్న నాడు నీళ్లు కాచింది ఆమే. "ఇంక ఉన్నదా?" అంది.

"ఉన్నది," అని జానమ్మ నడిచింది.

ఆదివారం కాబట్టి బడిలో పిల్లలు లేరు. లింగస్వామి వేపచెట్టు కింద బల్ల వేసుకుని, కాగితాలు ఎగరకుండా రాళ్లు పెట్టి కూడికలు చేసుకుంటున్నాడు. తలెత్తి చూశాడు.

"ఏమమ్మా?"

"మా ఇంట్ల ఐదుగురం సారూ. నాడు తప్పు చెప్పిన."

పంతులు ఒక కట్ట లాగి విప్పాడు. "దుర్గయ్య ఇల్లు. నలుగురు. నిన్న నీ కొడుకు గూడ ఎవ్వరు పుట్టలేదన్నడు కద?"

"ఇది పన్నెండేండ్ల సంది ఉన్నది."

ముడి విప్పి గొంగడిని నేల మీద దించింది. పంతులు బల్ల మీద నుంచి వంగి చూశాడు. తర్వాత గుర్తొచ్చింది.

"ఆనాడు లోపల ఒర్రింది గొర్రెపిల్ల అంటివి."

"అన్న."

"తల్లి సచ్చిందంటివి."

"నేనే తల్లిని," అంది జానమ్మ.

పంతులుకు చిరాకేసింది. కూడికలన్నీ అయిపోయాయి. ఇప్పుడు ఒకటి కలిపితే ఊరి మొత్తం, ఆడవాళ్ల మొత్తం, ఇంటి మొత్తం అన్నీ కొట్టేసి మళ్లీ రాయాలి. పళ్లు కొరుక్కుంటూ కొత్త కాగితం తీశాడు.

"పేరు?"

జానమ్మ పిల్ల మొహం వైపు చూసింది.

"పేరమ్మా, పేరు లేకుంటె ఎట్ల రాయాలె?"

"మైసమ్మ," అంది. "మా అమ్మ పేరు."

"మైసమ్మా అంటె పలుకుతదా?"

"ఇయ్యాల్నే పెట్టిన సారూ. నేర్సుకుంటది."

పంతులు ఆమెను ఒకసారి చూసి రాసుకున్నాడు. వయసు రాశాడు. దుర్గయ్యకు ఏమవుతుందంటే బిడ్డ అని చెప్పింది, రాశాడు. చదువు దగ్గర గీత గీశాడు.

"ఏం పని చేస్తది? ఉన్ని గిట్ల వడుకుతదా?"

"చేతులు రావు."

"ఇంట్ల పని ఏమన్న?"

"లేదు సారూ. ఏం పని చెయ్యది. నోట్లె ముద్ద పెట్టాలె. ఎత్తుకపోవాలె, ఎత్తుకరావాలె. రేపు గూడ చెయ్యది, ఎన్నడు చెయ్యది." అడగనివి కూడా చెప్పేసింది. తర్వాత ఎవరో వచ్చి ఇది సంగతి, అది సంగతి అని ఆ కాగితం చింపెయ్యకూడదని ఆమె భయం.

"సరె. పని లేదు," అని రాశాడు.

"పని చెయ్యకున్న రాస్తరా?"

"రాస్తం."

జానమ్మ కాగితం వైపు చూసింది. ఆమెకు చదువు రాదు, ఎంత జాగా పట్టిందో మాత్రం చూసింది. "సగం కిందనా?"

"ఏం సగం?"

"మాకు గొర్లు పంచుకునేటప్పుడు కుంటిది సగం. రెండు కలిస్తె ఒకటి. మరి ఇది నడువది, మాట్లాడది. దీన్ని ఎంత కింద రాసిన్రు?"

పంతులు కలం కింద పెట్టాడు. ఎండ బల్ల మీదికి వచ్చింది, ఇంకా మూడు ఇళ్ల కాగితాలు సాఫు చెయ్యాలి, ఈమె గొర్రెల పంపకం చెప్తోంది. "మనుషులల్ల సగం ఉండదమ్మా. మనిషికో కాగితం, అంతే. నీకొకటి. నాకొకటి. దీనికొకటి."

"మా పట్వారీకి?"

"పట్వారీకి గూడ ఒకటే. కలెక్టరుకు గూడ ఒకటే. ఇగ నన్ను పని చేసుకోనియ్యి."

అతను దయతో అనలేదు. ఆ కాగితంలో సగం మనిషిని రాసే గడి లేదు, ఉన్న మాట చెప్పాడు. పన్నెండేళ్లలో జానమ్మ దయ చాలా చూసింది. అయ్యో పాపం అన్నవాళ్లు, ముందు జన్మలో ఏం చేసుకుందో అన్నవాళ్లు, దేవుడు తొందరగా తీసుకుపోతే దానికీ నీకూ సుఖమని చెయ్యి పట్టుకుని కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు. అందరి దయలోనూ ఎంతో కొంత తరుగు ఉండేది. ఈ చిరాకు మనిషి నోట్లో తరుగు లేదు. ఒకటి. జానమ్మ పిల్ల పక్కనే నేల మీద కూలబడింది. ఏడుద్దామనుకుంది గానీ ఏడుపు రాలేదు. పంతులు పాత మొత్తాలు కొట్టేసి కొత్తవి వేసేదాకా కూర్చుని, లేచి ముడి వేసుకుంది.

ఇంటికి వచ్చేసరికి సుక్కమ్మ ఎదురుచూస్తోంది. "ఏం రాసిండు?"

"మైసమ్మ అని రాసిండు."

"మీ అమ్మ పేరా? మా దిక్కు పేర్లే లేవా?" అంది ముసలామె. అన్నాక ఏం అన్నదో తెలిసినట్టుంది, నోరు మూసుకుని ఉన్ని బుట్ట దగ్గరికి పోయింది.

సంగతి కురుమయ్య ఊరు చేరడానికి ఒక రోజు కూడా పట్టలేదు. ఆయన రాలేదు. వేరే మనిషితో కబురు పంపాడు: అబద్ధానికి కోపం లేదు, పెళ్లిళ్లలో అవి ఉండేవే, కానీ ఆ రక్తమున్న ఇంటికి మా బిడ్డను ఇవ్వం. తుమ్మితే ఊడే ముక్కు ఎన్నాళ్లుంటుందని సుక్కమ్మ పైకి అంది గానీ, పొయ్యి దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గుర్వయ్య తల్లితో మాట్లాడటం మానేశాడు. అన్నం కూడా నాయనమ్మ పెడితేనే తిన్నాడు. దుర్గయ్య రెండు రోజులు మంద దగ్గరే ఉండిపోయాడు.

మూడో రోజు వచ్చాడు. అరుగు మీద కూర్చుని చాలాసేపు కర్ర కొనతో నేల గీకాడు.

"కొడుకు పెండ్లి చెడగొట్టినవ్," అన్నాడు.

"చెడగొట్టిన."

"ఇంకో సంబంధం వస్తదో రాదో."

"వచ్చినోళ్లకు ముందుగాల దీన్నే చూపెడ్త."

దుర్గయ్య ఆమెను తిట్టలేదు. తిడతాడనే అనుకుంది. లేచి దొడ్డి వైపు పోయాడు. ఆయన తప్పు ఒప్పుకోలేదు, ఆమెను ఒప్పుకోమనీ అడగలేదు. ఆ ఇంట్లో ఆ మాట అంతకన్నా ముందుకు పోలేదు.

జానమ్మ గిన్నె తీసుకుని అర్రలోకి పోయింది. మొహం గోడ వైపే ఉంది. తలంటినా, ఊరంతా తిప్పినా, పేరు పెట్టినా కూత లేదు. మూడు వారాలు దాటింది. పక్కన కూర్చుని, గడ్డం పట్టుకుని తిప్పి ముద్ద పెట్టింది. మింగింది. మళ్లీ గోడ వైపు తిరిగింది.

"బిడ్డా," అంది జానమ్మ. "నేను సావలేదు. సచ్చిందని చెప్పింది నేనే. కురుమయ్య ముందల సిగ్గైంది. నువ్వు నా కడుపుల పుట్టినవని చెప్పుకునుడు సిగ్గైంది. దిష్టి లేదు, ఏం లేదు. సిగ్గే."

గోడ వైపు నుంచి ఏమీ రాలేదు.

"దానికేం తెలుస్తదని చెప్తున్నవే?" అని బయటి నుంచి సుక్కమ్మ అంది.

జానమ్మ గిన్నెలో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయింది. ఆమె చిన్నప్పటి నుంచి గొర్రెపిల్లల్లో తిరిగిన మనిషి. పొద్దున కర్రతో కొట్టినా సాయంత్రం ఆకు చూపిస్తే వచ్చి చెయ్యి నాకుతుంది గొర్రెపిల్ల. దానికి మనసులో పెట్టుకోవడం తెలియదు. ఇది మూడు వారాలుగా తిండి తింటూ, తన చేతి ముద్దే మింగుతూ, తన మొహం చూడటం లేదు. రోజుకు రెండుసార్లు తప్పకుండా, పనిగట్టుకుని తిప్పుకుంటోంది.

జానమ్మ గిన్నె కింద పెట్టింది.

"కోపమొచ్చిందా?" అని మెల్లగా అడిగింది. "నా మీద అలిగినవా?"

గడ్డం పట్టుకోవడానికి చెయ్యి ముందుకు పోయింది. మధ్యలో ఆపి వెనక్కి తీసుకుంది. పన్నెండేళ్లుగా ఆ గడ్డాన్ని అడగకుండానే తిప్పింది.

"అలుగు బిడ్డా. తప్పు నాది, కోపం నీది. నీకు తిరగబుద్ధైననాడు తిరుగు. తిరగకున్న ఫికర్ లేదు, నేను ఈడనే ఉంట."

మైసమ్మ తిరగలేదు.